ఆ సీసా మందుల సంచిలోకి రావాలి

శ్రీకాకుళంలో రిటైరైన ఉద్యోగుల నెలవారీ కూడికలో, ఎన్నో ఏళ్ళు మెడికల్ షాపు నడిపిన ఒక ఫార్మసిస్టు గారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. నాకన్నా పెద్దవాళ్ళు ఉన్నారు, నాకు లెక్కలు చెప్పిన మాస్టారు కూడా ముందు వరసలోనే ఉన్నారు, అయినా నేను కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. 30 ఏళ్ళు కౌంటరు వెనక నిలబడిన మోకాళ్ళివి. సరే, ముందు ఒక సంగతి. ఎవరి మందుల సంచి వాళ్ళు తెచ్చుకోండని కబురు పెట్టించాను. ఎంతమంది తెచ్చారు? చేతులెత్తండి. ఫర్వాలేదు, సగం మంది తెచ్చారు. సంచి అంటే నేను చెప్పక్కర్లేదు, బట్టల షాపు వాడిచ్చిన పాత కవరు, అందులో కత్తిరించిన స్ట్రిప్పులు, నాలుగు మడతలు పెట్టి చిరిగిపోయిన చీటీ, ఎప్పటివో ఎవరికీ తెలియని రెండు పచ్చ మాత్రలు. అదే. ఆఖర్న ఆ సంచులతో పని ఉంది, దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ సంచిలో లేకుండా, ఇంట్లో వంటింటి గట్టు మీదో, ఫ్రిజ్ తలుపులోనో, ఆవకాయ జాడీ పక్కనో ఒక నూనె సీసా ఎంతమందికి ఉంది? వంట నూనె కాదు. పొద్దున్నే చెంచాడు తాగే నూనె, లేదంటే పసుపుపచ్చగా మెరిసే క్యాప్సూల్స్. అవిసె నూనె, కలోంజీ నూనె, గుమ్మడి గింజల నూనె, ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే పూలమొక్క గింజల నూనె. చూశారా, ఇప్పుడు ఎక్కువ చేతులు లేచాయి! నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ సీసా గురించే. అది సంచిలో ఎందుకు లేదు అన్నదే నా బాధ.

మన జిల్లాకి గింజ నూనెలు కొత్తా? ఆమదాలవలస అని ఊరి పేరులోనే ఆముదం వినపడే చోట ఉన్నాం. నువ్వుల నూనె, పల్లీ నూనె, ఏజెన్సీ వైపు వెళితే వలిసెల నూనె, అన్నీ తిన్నవాళ్ళమే. అవి కూరలో పడతాయి, అన్నంలో కలుస్తాయి, వాటి గురించి నాకు పేచీ లేదు. కానీ అదే గింజ నూనెని సీసాలో పోసి, పరగడుపున ఇంత, రాత్రి ఇంత అని లెక్క చెప్పి, షుగరుకి, బీపీకి, మోకాళ్ళకి అని పేరు పెట్టి అమ్మితే అది కూర కాదు కదా? మందు చేసే పని చేస్తుందని కొన్నప్పుడు మందుకి పెట్టే జాగ్రత్త దానికీ పెట్టాలా వద్దా? కానీ మనం ఏం చేస్తాం? డాక్టరు గారు ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగితే, ఏమీ లేదండీ అంటాం. అబద్ధం కాదు. అది మందని మన మనసులో లేదు, అంతే.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నేనూ అమ్మాను. కంపెనీ మనిషి వచ్చి డజనుకి రెండు సీసాలు ఫ్రీ అంటే కౌంటరు మీద ముందు వరసలో పెట్టాను. ఇది మంచిదా అని అడిగినవాళ్ళకి నేచురల్ అమ్మా, ఏమీ చెయ్యదు అని చెప్పాను. ఏమీ చెయ్యకపోతే ఎందుకు అమ్ముతున్నావురా అని ఒక్కరూ అడగలేదు, అది వేరే సంగతి.

మా బావగారి కథ చెబుతాను, ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆయనకి షుగరు ఉంది, పొద్దున్నే గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. ఫోనులో ఎవరో చెప్పారట, కలోంజీ నూనె పరగడుపున ఒక చెంచా, నలభై రోజులు. మొదలెట్టారు. మాకెవరికీ చెప్పలేదు. మూడో వారంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర కూరగాయలు కొంటూ, చెమటలు పట్టి, చేతులు వణికి, ఒక షాపు మెట్ల మీద కూలబడిపోయారు. ఆ షాపు అబ్బాయి బుర్ర ఉన్నవాడు, చెరుకురసం తాగించాడు. పావుగంటకి మనిషి లేచాడు. అప్పుడు చూస్తే షుగరు ఇంకా 60 దాటలేదు. ఇదంతా నూనె వల్లేనా? చెప్పలేను. ఆ రోజు ఆయన టిఫిను కూడా మానేశారు. కానీ మాత్ర షుగరు దించుతుంది, టిఫిను లేదు, దాని మీద షుగరు ఇంకాస్త దించే గుణమున్న నూనె. మూడూ కలిశాయి. తర్వాత డాక్టరు గారు సంచి మొత్తం తిరగేశారు, ఏమీ దొరకలేదు. సీసా సంచిలో లేదు కదా, మా అక్క వంటింట్లో ఉంది.

ఈ కలోంజీ గురించి కాస్త నిలబడి చెప్పుకుందాం, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది అదే. మనం నల్ల జీలకర్ర అంటాం. అయితే కొన్ని కొట్లలో నల్ల జీలకర్ర అంటే షాజీరా ఇస్తారు, బిర్యానీలో వేసేది, అది వేరే మొక్క. ఇంకొందరు ఉల్లి విత్తనాలే కలోంజీ అంటారు, అదీ కాదు. చూడ్డానికి ఒకేలా నల్లగా ఉంటాయి. విత్తనాల షాపులో నాటడానికి అమ్మే ఉల్లి గింజలకి మందు పట్టించి ఉంటుంది, అవి నోట్లో పెట్టుకునేవి కావు. కాబట్టి సీసా మీద నిజెల్లా సటైవా అన్న శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి.

దానిలో థైమోక్వినోన్ అనే పదార్థం ఉంది. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మీద చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి, కొన్నింటిలో కొంచెం తగ్గినట్టు కనపడింది కూడా. నేను కాదనను. కానీ అవి చాలామట్టుకు కొన్ని వారాలు, రెండు మూడు నెలలు నడిచినవి, తక్కువమంది మీద, అదీ చాలాచోట్ల మామూలు మందులు వేసుకుంటూనే. మాత్ర మానేసి నూనె తాగండని ఎక్కడా లేదు. ఇక కొలత చూడండి, తమాషాగా ఉంటుంది. క్యాప్సూల్‌లో మామూలుగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే అర గ్రాము. టీ చెంచా నూనె అంటే 5 మిల్లీలీటర్లు, తూకంలో దాదాపు నాలుగున్నర గ్రాములు. అంటే ఒక్క చెంచా తొమ్మిది క్యాప్సూల్స్‌తో సమానం! మా బావగారు వాడింది టీ చెంచానా అంటే, కాదు, కూర వడ్డించే చెంచా. అది మూడు టీ చెంచాలు పడుతుంది. మీరే లెక్క వేసుకోండి, లెక్కల మాస్టారు ఎదురుగానే ఉన్నారు.

ఇంకొకటి, మన జిల్లా మాట. ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కవిటి, సోంపేట, కంచిలి, మందస? ఉన్నారు. కిడ్నీ జబ్బు లేని వీధి అక్కడ ఎంత అరుదో నేను మీకు చెప్పాలా. కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేకపోయారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టేదాకా వచ్చింది వ్యవహారం. అలాంటి చోట కిడ్నీకి మంచిదని చెప్పి ఏ నూనె, ఏ పొడి, ఏ కషాయం ఎవరు తెచ్చినా తీసుకోకండి. కలోంజీని మందులా వాడిన ఒక షుగరు పేషెంటుకి కొద్దిరోజుల్లోనే కిడ్నీలు దెబ్బతిన్నట్టు వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. ఒక్క కేసే, దాన్ని పట్టుకుని అందరికీ అలా అవుతుందని అనకూడదు. కానీ బాగున్న కిడ్నీ ఉన్నవాడు చేసే ప్రయోగం, క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష లెక్క, ఇప్పటికే పెరిగినవాడు చెయ్యకూడదు. కిడ్నీ డాక్టరు రాస్తేనే, లేకపోతే లేదు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడను.

ఇప్పుడు అవిసె. అవిసె చెట్టు వేరు, ఆకు కూర వండుకునేది, అవిసె గింజలు వేరు, గోధుమరంగులో నున్నగా జారిపోతుంటాయి. నూనె ఆ గింజది. దీని మీద ఒమేగా త్రీ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అబద్ధం కాదు, అవిసె నూనెలో సగానికి పైన ఏఎల్ఏ అనే ఒమేగా త్రీ ఉంది. కానీ చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ రకం కాదది. మన ఒంట్లో ఏఎల్ఏ ఆ రకంగా మారేది చాలా కొద్దిభాగమే. కళింగపట్నం నుంచి వచ్చే కవళ్ళు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకునే ఇంట్లో అవిసె క్యాప్సూల్ కొత్తగా చేసేది ఏమంత ఉండదు. చేపలు తిననివాళ్ళకి? వాళ్ళకి అవిసె మంచిదే. కానీ క్యాప్సూల్ కావాలా?

చూడండి. వెయ్యి మిల్లీగ్రాముల అవిసె క్యాప్సూల్‌లో ఏఎల్ఏ అర గ్రాము పైచిలుకు ఉంటుంది. పొడి కొట్టిన అవిసె గింజలు ఒక పెద్ద చెంచా, ఏడు గ్రాములు, అందులో గ్రామున్నర దాటి ఉంటుంది. అంటే మూడు క్యాప్సూల్స్ మింగినా చెంచాడు పొడి తిన్నా ఒకటే. పైగా పొడిలో పీచు ఉంది, లిగ్నాన్లు అనే మొక్క పదార్థాలు ఉన్నాయి, నూనె తీసేసరికి అవి చాలామట్టుకు పిప్పిలోనే ఉండిపోతాయి. మలబద్ధకం అని నెలకోసారి షాపుకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పొడి కొట్టి, వేడన్నంలో తినండి. గింజ గింజగా మింగితే మింగినట్టే బయటికి పోతుంది. నీళ్ళు బాగా తాగాలి, కిడ్నీ డాక్టరు నీళ్ళకి లెక్క పెట్టినవాళ్ళు తప్ప. ఒకేసారి గుప్పెడు తినకండి, ఒకటి రెండు చెంచాలు చాలు. ఆ పీచు మాత్రల్ని కూడా పట్టేస్తుంది, మాత్రలకి ఒకటి రెండు గంటలు ఎడం ఇవ్వండి. కిలో అవిసెల ధర, ఆ సీసా ధర పక్కపక్కన పెట్టి చూడండి, నేనేం చెప్పక్కర్లేదు.

అయినా నూనే వాడతాం అంటారా, సరే వాడండి, కానీ దాన్ని పోపు పెట్టకండి. వేడి తట్టుకోదు. గాలి తగిలినా, వెలుతురు తగిలినా పాడవుతుంది. ఎందుకంటే అది ఆరిపోయే జాతి నూనె. తలుపులకి పాలిష్ పెట్టే వడ్రంగిని అడగండి, లిన్‌సీడ్ ఆయిల్ అంటాడు, పిల్లలు క్రికెట్ బ్యాటుకి రాస్తారు, అది ఈ గింజ నూనే! గాలికి గట్టిపడి పొర కడుతుంది కాబట్టే దాన్ని చెక్కకి వాడతారు. ఒక పెద్దాయన నా షాపుకి వచ్చి, మీ దగ్గర చిన్న సీసా ఇంత ధర, పెయింట్ల షాపులో లీటరు డబ్బా చవగ్గా వస్తోంది, రెండూ ఒకటే కదా బాబూ అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. పెయింట్ల షాపుది తాగేది కాదండీ, త్వరగా ఆరడానికి అందులో లోహపు మందులు కలుపుతారు. ఇంగ్లీషు పేరు ఒకటే, సరుకు వేరు.

కాబట్టి కొంటే చిన్న సీసా, ముదురు రంగు సీసా, తేదీ చూసి, తెరిచాక ఫ్రిజ్‌లో. మే నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించకండి. వైజాగ్ గోడౌను నుంచి మన గుమ్మం దాకా ఆ వ్యానులో ఎంత ఉడుకుతుందో మనకి తెలుసు. మూత తీస్తే పెయింటు వాసనో, పాత చేప వాసనో వస్తే, నాలుకకి చేదుగా ఉంటే పారబొయ్యండి. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని తాగకండి. క్యాప్సూల్ అయితే వాసన తెలియదు, అదే దానితో చిక్కు. ఒకటి కొరికి చూడండి.

ఇక రక్తం పల్చబడే మందులు వేసుకునేవాళ్ళు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఉన్నారా? క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ వేసుకుంటూ ఉంటారు. వాల్వు మార్పించుకున్నవాళ్ళయితే వార్ఫరిన్, లేదా ఎసినోకౌమరాల్, నెలనెలా ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టే పరీక్ష, చూపించుకుంటారు. మీకు ఈ నూనెల్లో చాలావాటి మీద హెచ్చరిక ఉంది. కలోంజీ, ప్రిమ్‌రోజ్, బోరేజ్ అనే ఇంకో మొక్క గింజల నూనె, ఎక్కువ మోతాదులో అవిసె, ఇవన్నీ రక్తం గడ్డకట్టడాన్ని కాస్త నెమ్మదింపజేయవచ్చు. మందుకి తోడు ఇది కూడా అంటే చిగుళ్ళలోంచి రక్తం, ఒంటి మీద నీలం మచ్చలు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపెయ్యమంటారు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా సరే, డాక్టరుకి ముందే చెప్పండి, ఇదిగో ఈ సీసా వాడుతున్నానండీ అని. సిగ్గు దేనికి?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె, ఎగ్జిమా అనే దురద చర్మజబ్బుకి, నెలసరి నొప్పులకి అని అమ్ముతారు. ఎగ్జిమాకి ప్రిమ్‌రోజ్, బోరేజ్ రెండూ పనిచెయ్యవని 2013లో కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు అధ్యయనాలన్నీ పోగేసి చూసి తేల్చారు. బ్రిటన్‌లో అయితే 2002లోనే ప్రిమ్‌రోజ్ మందులకి ఉన్న లైసెన్సు తీసేశారు. బోరేజ్‌తో ఇంకో బెడద, ఆ మొక్కలో లివరుకి చెడు చేసే పదార్థాలు ఉన్నాయి, అవి తీసేశామని లేబులు మీద రాసి ఉంటేనే కొనాలి. గుమ్మడి గింజల నూనె, మగవాళ్ళు అడుగుతారు, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాం అని, అదీ పక్కకి పిలిచి చెవిలో. కొద్దిపాటి ఉపయోగం ఉండొచ్చు. కానీ నాలుగుసార్లు లేవడం ప్రోస్టేట్ వల్లా, షుగరు వల్లా, ఇంకేదన్నానా అని తేల్చుకోకుండా నూనె తాగితే ఆరు నెలలు పోతాయి. గింజలు కావాలంటే దప్పళానికి గుమ్మడికాయ కోసినప్పుడు పారెయ్యకుండా కడిగి ఎండబెట్టి వేయించుకోండి.

ఆ, ఒక అమ్మ అడుగుతున్నారు, వేపనూనె పిల్లలకి నులిపురుగులకి పట్టొచ్చా అని. అమ్మా, వద్దు. వద్దే వద్దు. వేపనూనె కడుపులోకి పోయిన చిన్నపిల్లలకి వాంతులు, మత్తు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన కేసులు మన దేశంలోనే ఉన్నాయి. నులిపురుగులకి ఆల్బెండజోల్ మాత్ర అంగన్‌వాడీలో ఉచితంగా వేస్తున్నారు. వేపనూనె పొలానికి, తలలో పేలకి. ఆముదం కూడా అంతే, మన చిన్నప్పుడు ముక్కు మూసి పట్టించారు, బతికాం, అది వేరే. ఇప్పుడు బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వేసుకునే వయసులో ఆముదం తాగి విరేచనాలైతే ఒంట్లో నీళ్ళు, ఉప్పు రెండూ పోతాయి. కడుపుతో ఉన్న ఆడపిల్లలకి ఆముదమే కాదు, నేను చెప్పిన సీసాల్లో ఏదీ డాక్టరుని అడక్కుండా పెట్టొద్దు. కూరలో పోపు సంగతి కాదు నేను చెప్పేది, మందులా తాగే సంగతి.

లేబులు ఎలా చదవాలి? భూతద్దం తెచ్చుకోండి, నవ్వకండి, అక్షరాలు అంత చిన్నవి. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ గుర్తు, పక్కన 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఉంటే గొప్ప మందని కాదు, తయారుచేసినవాడు దొరుకుతాడని అర్థం. ఇలాంటి సప్లిమెంట్ల మీద నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అని రాయాలని 2016 నియమాల్లో ఉంది. అంటే ఏమిటి? డబ్బా మీద వాడే రాస్తున్నాడు, ఇది వైద్యానికి కాదు అని. పక్కింటి చైన్ సిస్టమ్ ఆయన మాత్రం ఇది షుగరుని వేళ్ళతో సహా తీసేస్తుంది అంటున్నాడు. ఇద్దరిలో ఎవరిని నమ్ముతారు? షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఎక్కువ చేస్తే 1915కి ఫోన్ చెయ్యండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

అమెరికా నుంచి అబ్బాయి తెచ్చాడు కాబట్టి మంచిదే అయ్యుంటుంది అంటారు. అక్కడ కూడా సప్లిమెంట్లని అమ్మకానికి ముందు ప్రభుత్వం పరీక్షించి ఒప్పుకునే పద్ధతి లేదండీ. యూఎస్‌పీ లాంటి బయటివాళ్ళ పరీక్ష గుర్తు ఉంటే కొంత నయం. ఇంకోటి, ఆ మెరిసే క్యాప్సూల్ పైపొర చాలాసార్లు జెలటిన్, పశువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసేది. కార్తీక మాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని మా వదిన రోజూ రెండు మింగుతోంది! పచ్చ గుండ్రం ఉందా, గోధుమరంగు గుర్తు ఉందా చూసుకోండి.

గానుగ సంగతి అడుగుతున్నారు. కళ్ళ ముందు ఆడించుకుంటే తాజాగా ఉంటుంది, నిజమే. నువ్వులు, పల్లీలు ఆడించుకోండి, హాయిగా వండుకోండి. కలోంజీ అడిగితే మాత్రం అంతకుముందు ఆ గానుగలో ఏం పడిందో అడగండి, పల్లీ పడనివాళ్ళు ఇంట్లో ఉంటే మరీ. గింజ ఏదో తెలియని నూనె, పేరు లేని సీసా నోట్లోకి వద్దు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి, కాళ్ళు వాచి, 60 మందికి పైగా చనిపోయారు. ఆ ముళ్ళ మొక్క మన గట్ల మీద పసుపుపచ్చ పూలు పూసి ఉంటుంది, గింజలు అచ్చం ఆవాల్లానే ఉంటాయి.

ఎవరో చీటీ పంపారు, ఇన్ని చెప్పారు, ఇంతకీ మీరేం వాడతారు అని. నేను అవిసె పొడి తింటాను, అది కూడా మా ఆవిడ చేస్తే. కలోంజీ నిమ్మకాయ ఊరగాయలో వేసుకుంటాం, గింజలుగా. సీసా ఒకటి ఉండేది, మా బావగారి సంగతి తర్వాత తీసేశాను. మీరు తీసెయ్యనక్కర్లేదు. మొదలెట్టాలనుకుంటే ఒక్క నూనే మొదలెట్టండి, రెండు మూడు కలిపి కాదు, ఏది పడలేదో తెలియకుండా పోతుంది. కొంచెంతో మొదలెట్టండి. తేదీ కాలెండరు మీద రాయండి. షుగరు ఉన్నవాళ్ళు ఆ రెండు వారాలు మిషన్‌తో ఎక్కువసార్లు చూసుకోండి. దద్దురు వచ్చినా, విరేచనాలు పట్టినా, మూత్రం తగ్గినా ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. మూడు నెలల్లో మీరు అనుకున్న మార్పు రిపోర్టులో కనపడకపోతే దానికి ఎందుకు డబ్బులు?

సరే, టీ వస్తోందట. నేను ఆ బల్ల దగ్గర కూర్చుంటాను. సంచులు ఇటు తీసుకురండి, ఒక్కొక్కరే. సంచి మరిచిపోయినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి, వంటింటి గట్టు మీద ఉన్న సీసాకి, మందుల చీటీకి ఫోటో తీసి పంపమనండి, అదైనా చూస్తాను. ముందు సోంపేట బస్సుకి వెళ్ళాల్సినవాళ్ళు రండి, వాళ్ళది ఆలస్యమైపోతుంది.